నలుగురిలో ఒకరు

బి.ఎస్సీ. నర్సింగ్‌లో జెనెటిక్స్ అని ఒక చిన్న పాఠం ఉంది. భారతీయ నర్సింగ్ మండలి పాత సిలబస్‌లో దానికి 15 గంటలిచ్చారు. 2021లో వచ్చిన సెమిస్టర్ల సిలబస్‌లో పాథాలజీ రెండో భాగంతో జతచేసి, రెండింటికీ కలిపి 20 గంటలు చేశారు. ఆ కాస్త సమయంలో చెప్పాల్సినవి చూస్తే కళ్లు తిరుగుతాయి. కణవిభజన, క్రోమోజోములు, మెండెల్, బ్లడ్ గ్రూపులు, మేనరికాలు, తల్లి వయసు, ఫోలిక్ యాసిడ్, డౌన్ సిండ్రోమ్, పుట్టిన బిడ్డలకి చేసే పరీక్షలు, కేన్సర్, హంటింగ్టన్ జబ్బు, హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు, జీన్ థెరపీ, యూజెనిక్స్ ఉద్యమం, కౌన్సెలింగ్, చట్టాలు, చిట్టచివర నర్సు బాధ్యత. అన్నీ ఉన్నాయి. ఈ అమ్మాయి రేపు వార్డులో ఒక తల్లి మంచం పక్కన నిలబడి తెలుగులో చెప్పాల్సిన వాక్యం మాత్రం ఎక్కడా లేదు.

సాహిత్య పత్రికలో ఈ సిలబస్ గొడవేమిటని అడగొచ్చు. నా ఫిర్యాదు సైన్సు గురించి కాదు, అనువాదం గురించి. నర్సింగ్ చదువంతా ఇంగ్లీషులో సాగుతుంది. చదివే పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు నిర్వచనాలు ఇంగ్లీషులో బట్టీపడతారు, పరీక్షలో ఇంగ్లీషులో రాస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నుంచీ అదే విషయాన్ని తెలుగులో చెప్పాలి. ఆ అనువాదం ఎవరూ నేర్పరు. అప్పటికప్పుడు, డ్యూటీ మధ్యలో, నోటికొచ్చినట్టు జరిగిపోతుంది. ఒక అనువాద కవితలో ఒక మాట సరిగా పడలేదని మనం పది పేజీల చర్చ చేస్తాం. ఆసుపత్రుల్లో రోజూ జరిగే ఈ అనువాదం మీద ఒక్క సమీక్షా రాలేదు. అందుకని ఈ నాలుగు మాటలు.

సికిల్ సెల్ జబ్బు తీసుకుందాం. పాఠ్యపుస్తకాలన్నిటికీ ఇష్టమైన ఉదాహరణ అదే. దానికి కారణం ఉంది. 11వ క్రోమోజోము మీదున్న బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది. దాంతో హిమోగ్లోబిన్‌లో ఒకచోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ గట్టిపడి కడ్డీలు కడుతుంది, గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగుతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. లైనస్ పాలింగ్ 1949లో దీన్ని అణువుకొచ్చిన జబ్బు అన్నాడు. ఒక అక్షరం నుంచి ఒక మనిషి దాకా కారణాల గొలుసు ఇంత పొందికగా కనపడే జబ్బులు తక్కువ. పిల్లవాడికి తెలిసేది మాత్రం నొప్పి. రాత్రంతా ఎముకల్లో పోటు, కామెర్లు, రక్తం తగ్గడం. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల ఆసుపత్రుల్లో పనిచేసే సిస్టర్లకి ఇది పుస్తకంలో ఉదాహరణ కాదు, వచ్చేపోయే పిల్లలు.

పుస్తకంలో దీనికి నాలుగు గళ్ల బొమ్మ వేస్తారు. పైన తండ్రి, పక్కన తల్లి. ఇద్దరికీ జబ్బు లేదు గానీ ఇద్దరి దగ్గరా ఆ జన్యువుకి ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి మారినది. నాలుగు గళ్లలో ఒక గడిలో రెండూ మారినవే పడతాయి. కింద రాస్తారు: 25 శాతం. అక్కడితో పాఠం అయిపోయింది. ఆ 25 శాతం తెలుగులోకి ఎలా వస్తుంది? శాతాలు అర్థం కావేమోనని మంచి మనసుతోనే సిస్టర్ విడమరిచి చెబుతుంది: “మీకు పుట్టే పిల్లల్లో నలుగురిలో ఒకరికి వస్తుందమ్మా.”

తల్లి ఏం వింటుందో చూడండి. ఆమె ముందు నిజంగానే పిల్లలున్నారు. ఆమె లెక్కపెట్టుకుంటుంది. పెద్దవాడికి వచ్చింది. నలుగురిలో ఒకరు అన్నారు, ఆ ఒకరు అయిపోయారు. ఇక పుట్టేవాళ్లకి భయం లేదు. లేదా, మాకు ఇద్దరే చాలనుకున్నాం, నాలుగోవాడి దాకా ఎందుకు పోతాం? ఇది ఆమె అమాయకత్వం కాదు. తెలుగులో ఆ వాక్యానికి అర్థమే అది. “పదిమందిలో ముగ్గురు ఫెయిలయ్యారు” అంటే పదిమందినీ వరసగా నిలబెట్టి లెక్కపెట్టిన మాట. జరిగిపోయిన లెక్క చెప్పే వాక్యంలో జరగబోయే సంభావ్యతని పోస్తే ఇలాగే ఒలికిపోతుంది. జెనెటిక్ కౌన్సెలింగ్ చేసేవాళ్లందరికీ ఈ అపార్థం ప్రపంచమంతటా పరిచయమే. తెలుగులో వాక్యమే దానికి తలుపు తీసిపెడుతోందన్నది నా బాధ.

వాక్యం మార్చడం పెద్ద కష్టం కాదు. లెక్క పిల్లల్ని బట్టి కాకుండా కాన్పుని బట్టి చెప్పాలి. బొమ్మా బొరుసూ ప్రతి ఊళ్లోనూ తెలుసు. “ప్రతి కాన్పుకీ మీరొక రూపాయి బిళ్ల ఎగరేస్తారు, ఆయనొకటి ఎగరేస్తారు. రెండూ బొరుసు పడితే బిడ్డకి జబ్బు. ఒకటే బొరుసు పడితే బిడ్డ మీలాగే ఉంటాడు, జబ్బుండదు. రెండూ బొమ్మలు పడితే ఏ చింతా లేదు. కిందటిసారి ఏం పడిందో బిళ్లకి గుర్తుండదమ్మా, మళ్లీ కడుపు పండినప్పుడు మళ్లీ కొత్తగా ఎగరెయ్యాల్సిందే.” ఈ ఐదు వాక్యాలకి నిమిషం పట్టదు. మెండెల్ సూత్రంలో ముఖ్యమైనదంతా ఇందులో ఉంది. పైగా రెండు బిళ్లలున్నాయి, ఒకటి ఆయనది. ఆ రెండో బిళ్ల మాట చెప్పకపోతే ఆ ఇంట్లో రాత్రికి ఏం జరుగుతుందో మనకి తెలుసు.

“నలుగురిలో” అన్న మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉంది కదా. నలుగురిలో పరువు, నలుగురూ ఏమనుకుంటారో, నలుగురిలో తలెత్తుకోవడం. సిస్టర్ గళ్ల లెక్కలోని నలుగురి గురించి మాట్లాడుతుంటుంది. తల్లి గుండెల్లో మెదిలేది ఈ నలుగురు. జబ్బు పిల్లాడిది, కానీ రేపు వాడి చెల్లెలి సంబంధానికి అడ్డమొచ్చేది ఈ నలుగురే. పాఠంలో “కుటుంబం మీద ప్రభావం” అని ఒక శీర్షిక ఉంది. దాని కింద చెప్పాల్సింది ఇదే.

తర్వాతి మాట క్యారియర్. మారిన ప్రతి ఒక్కటే ఉండి జబ్బు లేనివాళ్లని అలా అంటారు. వార్డులో సిస్టర్లు ఇంగ్లీషు మాటే వాడేస్తారు. తెలుగువాళ్లకి క్యారియర్ అంటే అన్నం పెట్టుకెళ్లే గిన్నెలు, లేకపోతే సైకిల్ వెనక సీటు. (ఆలోచిస్తే మొదటిది అంత చెడ్డ పోలికేమీ కాదు. క్యారియర్‌లో కూర ఉన్నంతమాత్రాన క్యారియర్‌కి కారం మండదు.) పుస్తకాల తెలుగులో దీనికి వాహకుడు, వాహకం అని పెట్టారు. ఇక్కడే నాకు చిక్కుంది. అదే ఏజెన్సీలో, అదే ఆసుపత్రి గోడమీద, మలేరియా పోస్టరులో దోమని కూడా రోగవాహకం అనే రాస్తారు. పొద్దున దోమ వాహకం, మధ్యాహ్నం కోడలు వాహకం. ఆమె పక్కన కూర్చుంటే అంటుకుంటుందనీ, ఆమె వండితే తినకూడదనీ ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లదెలా అవుతుంది?

ఈ మాటల చిక్కులో ఒక విచిత్రం కూడా ఉంది. సికిల్ సెల్ జన్యువు ఆ ప్రాంతాల్లో ఇంతగా నిలిచిపోవడానికి కారణం మలేరియానే. ఒక్క మారిన ప్రతి ఉన్న పిల్లలు తీవ్రమైన మలేరియాని తట్టుకుని బతికారు. ఆంథనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో ఈ సంగతి చూపించాడు. అంటే క్యారియర్ అని మనం భయపెడుతున్న మనిషి ముత్తాతలు బతికి బట్టకట్టింది ఆ ఒక్క ప్రతి వల్ల కావచ్చు. “మీ రక్తంలో లోపం ఉంది” అనడానికీ, “ఒకప్పుడు మీ పెద్దల్ని దోమజ్వరం నుంచి కాపాడింది మీ దగ్గర ఒకటి ఉంది. అది ఒక్కటుంటే మేలు, రెండయితే జబ్బు” అనడానికీ తేడా చూడండి. రెండో వాక్యంలో అబద్ధం లేదు, తియ్యదనం కోసం కలిపిందీ లేదు. పాఠ్యపుస్తకంలో మలేరియా సంగతి ఉంటే ఒక ఆసక్తికరమైన విశేషంగా ఉంటుంది. నర్సుకి అదే అన్నిటికంటే పనికొచ్చే వాక్యం అని ఎవరికీ తట్టినట్టు లేదు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులివ్వాలని, 2047 నాటికి జబ్బు లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్షలు అవసరమే. ముందే తెలిస్తే హైడ్రాక్సీయూరియా లాంటి మందులు పిల్లల బతుకుని మార్చగలవు. కానీ పెళ్లికి ముందు అబ్బాయి కార్డూ అమ్మాయి కార్డూ సరిచూసుకోవాలని కూడా చెబుతున్నారు. జాతకాలు చూసుకోవట్లేదా, ఇదీ అలాగే అన్న పోలిక ఇట్టే తట్టేస్తుంది. నాకు ఆ పోలికంటేనే భయం. జాతకంలో దోషం ఉన్న పిల్లని మన సమాజం ఏం చేస్తుందో ఎరిగినవాళ్లెవరూ ఆ ఉపమానం వాడరు. కుజదోషం పక్కన ఇంకో దోషం చేర్చినట్టవుతుంది. పైగా జాతకానికి శాంతి ఉంది, దీనికదీ లేదు.

ఈ దారిలో ముందే నడిచి దెబ్బతిన్న ఊరొకటుంది. గ్రీసులో ఆర్కోమెనోస్. అక్కడ సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా ఉందని ఊరందరికీ పరీక్షలు చేసి, ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకోవద్దని సలహా చెప్పారు. కొన్నేళ్ల తర్వాత తిరిగొచ్చి చూస్తే అలాంటి పెళ్లిళ్లు తగ్గలేదు. జనం ఫలితాల్ని దాచుకున్నారు, సంబంధాలు చెడతాయని భయపడ్డారు. క్యారియర్ అన్న మచ్చ మాత్రం ఊళ్లో మిగిలింది. 1970ల్లో వచ్చిన ఈ అధ్యయనం జెనెటిక్ కౌన్సెలింగ్ చరిత్రలో పేరున్నదే. అమెరికాలో అయితే వైమానిక దళ అకాడమీ సికిల్ ట్రెయిట్ ఉన్నవాళ్లని 1981 దాకా చేర్చుకోలేదు. నల్లజాతి యువకులు ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే గుమ్మంలోంచి వెనక్కి తిరిగారు. క్యారియర్‌కీ రోగికీ తేడా చదువుకున్నవాళ్లకే చేతకాని చోట, ఆ తేడా చెప్పే పని మనం ఇరవై రెండేళ్ల నర్సు మీద పెట్టాం. నేర్పింది రెండు మార్కుల నిర్వచనం.

ఇంతకీ తెలుగు పారిభాషిక పదాలన్నీ పనికిరానివని నేననడం లేదు. ఇంటర్ తెలుగు మీడియం జీవశాస్త్రం పుస్తకాల్లో మంచి మాటలున్నాయి. డామినెంట్, రిసెసివ్ అన్న ఇంగ్లీషు మాటల్లో బలవంతుడు, బలహీనుడు అన్న ధ్వని ఉంది. రిసెసివ్ అంటే నీరసమైనదనీ, దానంతటదే పోతుందనీ చదివినవాళ్లు కూడా అనుకుంటారు. మనవాళ్లు బహిర్గతం, అంతర్గతం అన్నారు. ఒకటి పైకి కనిపిస్తుంది, ఒకటి లోపల ఉంటుంది. విషయం సరిగ్గా అదే. ఈ ఒక్కచోట తెలుగు మూలం కంటే మేలు. జన్యువు అన్న మాట కూడా ఎంచక్కా కుదురుకుంది. అయితే హెటిరోజైగస్‌ని విషమయుగ్మజం చేశారు. ఆసుపత్రిలో విషమం అనే మాటకి ఒకటే అర్థం. మియోసిస్‌ని క్షయకరణ విభజన అన్నారు. క్షయ అంటే అక్కడ టి.బి. తరగతి గదిలో పుట్టిన మాటలు వార్డులోకి వస్తే ఎలా ఉంటుందో పుట్టించినవాళ్లు ఊహించలేదు. అది వాళ్ల పనీ కాదనుకోండి.

తెలుగుకి ఉన్న అసలు బలం ఇంకోచోట ఉంది. ఎవరూ దాన్ని వాడుకోవడం లేదు. జెనెటిక్స్‌లో నర్సు చేతికిచ్చే పనిముట్టు వంశవృక్షం. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, జబ్బుంటే నలుపు. ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకున్న పిల్ల అలవాటుగా అడుగుతుంది: “మీ అంకుల్స్‌కి ఎవరికైనా ఉందా?” హిమోఫీలియా అనుమానం ఉన్న మగపిల్లాడి విషయంలో ఈ ప్రశ్న ఎందుకూ పనికిరాదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి మేనమామకి జబ్బుంటే అది పెద్ద ఆధారం. బాబాయికి ఉంటే ఈ పిల్లవాడికి దానితో సంబంధమే లేదు. ఇంగ్లీషులో ఇద్దరూ అంకులే. మనకి పెదనాన్న, బాబాయి, మేనమామ వేర్వేరు. తెలుగు చుట్టరికాల్లో సగం జెనెటిక్స్ ముందే ఉంది.

మిగతా సగంలో మన భాషే మోసం చేస్తుంది, జాగ్రత్తపడాలి. “వాళ్లన్నకి కూడా ఇలాగే రక్తం ఆగేది కాదు” అంటారు. ఏ అన్న? సొంత అన్నా, పిన్ని కొడుకా, బాబాయి కొడుకా? అందరూ అన్నలే. పిన్ని కొడుకైతే ఆ జబ్బు తల్లివైపు నుంచి వస్తున్నట్టు, బాబాయి కొడుకైతే కాదు. ఒక్క ప్రశ్న తేడా. ఇక మేనమామనే చేసుకున్న ఇళ్లలో మేనమామా భర్తా ఒకరే. బొమ్మలో భార్యాభర్తల మధ్య జంటగీత గీయాలి. హిమోఫీలియా మగవాళ్లకే వస్తుందని పుస్తకం ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. జబ్బున్న మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే, అక్క దగ్గరా ఆమె కూతురి దగ్గరా ఆ జన్యువు ఉండే అవకాశం ఉంది కాబట్టి, పుట్టే ఆడపిల్లకి కూడా రావచ్చు. విదేశీ పుస్తకంలో ఇది అరుదైన సంగతి. మన కుటుంబాల్లో అక్క కూతుర్ని చేసుకోవడం నిన్నమొన్నటి దాకా ముచ్చటైన సంబంధం. అలాంటి చోట ఆ పుస్తకంలో వాక్యాన్ని అలాగే బట్టీపట్టించడం అన్యాయం.

మేనరికం దగ్గర ఇంకో చెడ్డ అలవాటు ఉంది. ఏ బిడ్డకి ఏ లోపం ఉన్నా ముందు వచ్చే ప్రశ్న “మేనరికమా?” ఔనంటే చాలు, “అదే కారణం” అనేస్తారు. లెక్క అంత సూటిగా లేదు. అత్త మామ బిడ్డల మధ్య పెళ్లిలో బిడ్డకి పుట్టుకతో పెద్ద సమస్య వచ్చే అవకాశం మామూలు పెళ్లిళ్ల కంటే రెండు మూడు శాతం ఎక్కువ. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ఆ పెరిగిన భాగం చిన్నదేమీ కాదు, అంతర్గత జబ్బులు బయటపడేది అక్కడే. కానీ డౌన్ సిండ్రోమ్‌కి మేనరికం కారణం కాదు. అందులో నూటికి 95 వంతులు 21వ క్రోమోజోము అండంలోనో శుక్రకణంలోనో సరిగా విడిపోకపోవడం వల్ల వచ్చేవే. తల్లి వయసుతో ఆ అవకాశం పెరుగుతుంది. అయినా ఏ వయసులోనైనా రావచ్చు. జన్యుపరమైనదంతా వంశపారంపర్యం కాదు. ఈ రెండు మాటల్ని ఒకదానికొకటి వాడేస్తాం కాబట్టే “మా వంశంలో ఎవరికీ లేదే, నీ వైపు నుంచే వచ్చింది” అని మొదలవుతుంది. వంశం అన్న మాట మనకి మగవాళ్ల వరస. కోడలు బయటిది. కాబట్టి లోపం బయటినుంచి వచ్చిందే అయ్యుండాలి. (ఆలూమగలది ఒకటే బ్లడ్ గ్రూపు కాబట్టి ఇలా అయిందన్న నమ్మకం కూడా వార్డుల్లో బాగానే చలామణీలో ఉంది. చూడాల్సింది ఆర్.హెచ్. నెగటివ్ తల్లి గురించి.) ఆడపిల్ల పుట్టిందని కోడల్ని దెప్పే ఇంట్లో, వై క్రోమోజోము తండ్రి దగ్గరే ఉంటుందన్న సంగతి సిస్టర్ అత్తగారికి వినబడేలా చెబితే ఆ పాఠానికి ఇచ్చిన గంటలన్నీ గిట్టుబాటైనట్టే. సిలబస్‌లో లింగనిర్ధారణ పేరుతో ఆ విషయం ఉంది, ఎక్స్ వై బొమ్మతో సహా. అత్తగారు లేరు.

సిద్ధార్థ ముఖర్జీ 2016లో రాసిన ‘ది జీన్’ ఈ సందర్భంలో గుర్తొస్తుంది. ఆ పుస్తకం మెండెల్ బఠానీలతో మొదలుకాదు. కలకత్తాలో మానసిక జబ్బుతో ఉన్న ఒక దాయాదిని చూడ్డానికి తండ్రితో కలిసి వెళ్లడంతో మొదలవుతుంది. తండ్రి తోబుట్టువుల్లో ఇద్దరికి అలాంటి జబ్బులే. తనకి వస్తుందా, తన పిల్లలకి వస్తుందా అన్న భయం ఆ పెద్ద పుస్తకం కింద నీరులా పారుతూ ఉంటుంది. శాస్త్రం చెప్పడానికి ఆయన ఎంచుకున్న దారి అది, దానివల్లే అన్ని వందల పేజీలూ చదివిస్తాడు. ముఖర్జీకి ఉపమానాల మక్కువ కాస్త ఎక్కువే, కొన్నిచోట్ల విషయం కంటే పోలిక బరువెక్కుతుంది. అందులో ముందు నడిచేది శాస్త్రవేత్తలు, డాక్టర్లు. అయినా నర్సింగ్ విద్యార్థులకి ఆ పుస్తకంలో ఒక అధ్యాయం తప్పక చదివించాలి. సిలబస్‌లో జీన్ థెరపీకీ కౌన్సెలింగ్‌కీ మధ్య ఇరుక్కున్న యూజెనిక్స్ అనే ఆ ఒక్క మాట వెనక ఏముందో అక్కడ తెలుస్తుంది.

క్యారీ బక్ అనే వర్జీనియా అమ్మాయికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యొచ్చని 1927లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో తీర్పిచ్చింది. ఆమె తల్లికి బుద్ధి తక్కువ, ఆమెకి బుద్ధి తక్కువ, ఆమె బిడ్డకి కూడా అంతే అన్నది వాదన. బుద్ధి కొలిచిన నాటికి ఆ బిడ్డకి కొద్ది నెలలు. ఆ వయసులో బుద్ధి ఎలా కొలిచారు? రెడ్‌క్రాస్ తరఫున పనిచేసే ఒక కార్యకర్త వచ్చి, బిడ్డ చూపులో ఏదో తేడా ఉంది, ఏమిటో చెప్పలేను అన్న అర్థంలో సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యమూ తీర్పుకి ఆధారాల్లో ఒకటైంది. ఆ పాప తర్వాత బడిలో మంచి మార్కులు తెచ్చుకుంది, చిన్నప్పుడే చనిపోయింది. ఆ సాక్ష్యం చెప్పినావిడ పెద్ద శాస్త్రవేత్త కాదు, న్యాయమూర్తీ కాదు. జనం మధ్య తిరుగుతూ బిడ్డల బాగోగులు చూసే ఉద్యోగి. ‘ఏదో తేడా ఉంది’ అనే వాక్యం మన వార్డుల్లోనూ రోజూ వినపడుతుంది, ఇంకా పరీక్ష కూడా చెయ్యని బిడ్డల గురించి.

జీనోమిక్స్ అన్న మాట వింటే ఇవన్నీ పాతకాలపు గొడవలని అనిపించొచ్చు. సికిల్ సెల్‌కి జన్యువుని సరిచేసే చికిత్స 2023 చివర బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి పొందింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఉట్నూరు సిస్టర్‌కి దానితో ఇప్పట్లో పనిపడదు. కానీ ఆమెకి ఇప్పుడే పనికొచ్చే జీనోమిక్స్ కూడా ఉంది, మన ఊళ్లలోనే ఉంది. ఆపరేషన్‌కి ముందు గొట్టం వెయ్యడానికి కండరాలు వదులయ్యేలా స్కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతో లేనివాళ్లకి గంటలపాటు ఊపిరి అందదు, వెంటిలేటర్ మీద ఉంచాలి. తెలుగు వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. మన మత్తు డాక్టర్లకి ఇది అనుభవం మీద తెలుసు. సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన దీన్ని ఉదాహరణగా తీసుకుని కారణం చెప్పింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాల్లో ఒక మార్పు అలా చిక్కబడుతుంది. మన దేశంలో అలాంటి సమూహాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఇది ఒక కులానికి తగిలించాల్సిన మచ్చ కాదు. ఎవరి జాబితా వాళ్లకుంటుంది, కొన్ని మనకి తెలిశాయి అంతే.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం కాగితాలు నింపేది నర్సు. కులం అడగాలా? అక్కర్లేదు. “మీ ఇళ్లలో ఎవరికైనా ఆపరేషనయ్యాక ఊపిరి ఆలస్యంగా వచ్చిందా, మెషీను మీద ఉంచారా? సొంతవాళ్లలో గానీ, అమ్మవైపు గానీ, నాన్నవైపు గానీ?” అని అడగాలి. తెలుగు మాటలే. ఎవరి పరువుకీ భంగం లేదు, ఔనన్న జవాబు వస్తే డాక్టరు వేరే మందు వాడతారు.

పరీక్ష పేపర్లు పెట్టేవాళ్లకి ఒక చిన్న విన్నపం. క్యారియర్‌ని నిర్వచించండి అన్న ప్రశ్న ఉండనివ్వండి. దాని పక్కన ఇంకోటి పెట్టండి: “సికిల్ సెల్ జబ్బున్న మూడేళ్ల బాబుని తీసుకుని తల్లి, అత్తగారు వచ్చారు. తల్లి మళ్లీ గర్భవతి. అత్తగారు కోడలివైపు వేలు చూపిస్తున్నారు. మీరేం చెబుతారో తెలుగులో రాయండి.” జవాబుకి అరపేజీ చాలు. మార్కులు వేసేటప్పుడు మొదట చూడాల్సింది రెండో రూపాయి బిళ్ల ఉందా లేదా అని.